మూపురంలో ఏముంది?

దేశీ ఆవు మూపురం సూర్యశక్తిని పీల్చుకుంటుందట. దాని పాలు లేత పసుపుగా ఉండటానికి అందులోని బంగారమే కారణమట. ఇది ఏ గుడి అరుగు మీదో విన్న మాటైతే నవ్వి ఊరుకోవచ్చు. కాని కేంద్ర ప్రభుత్వం 2019లో ఏర్పాటు చేసిన రాష్ట్రీయ కామధేను ఆయోగ్, 2021 ఫిబ్రవరిలో దేశమంతటా పెట్టదలచిన 'గోవిజ్ఞాన' పరీక్ష కోసం ఇచ్చిన పాఠంలోనే ఇలా ఉంది. విమర్శలు వచ్చాక పరీక్ష ఆగింది. ప్రచారం మాత్రం ఆగలేదు.

మూపురంలో ఉన్నది కండా, కొవ్వూ. పాలకు పసుపు రంగునిచ్చేది పచ్చిగడ్డిలోని కెరోటిన్. మరి ఈ పశువుల్లో గొప్పేమీ లేదా అంటే, ఉంది. వదులుగా వేలాడే గంగడోలు, ఎండను ఓర్చుకునే చర్మం, పిడుదులను తట్టుకునే గుణం, ఎండుగడ్డితో బతకగలగడం, ఇవన్నీ కొలిచి చూడగల లక్షణాలు. వీటికి బంగారు పూత అక్కర్లేదు.

మూపురం పశువుల మచ్చిక యూరప్ పశువులతో సంబంధం లేకుండా సింధు లోయ వైపు విడిగా జరిగిందని జన్యుశాస్త్రం చెబుతోంది. బలూచిస్తాన్‌లోని మెహర్‌గఢ్ తవ్వకాలూ అదే చూపుతున్నాయి. హరప్పా ముద్రల మీద మూపురం, గంగడోలుతో ఠీవిగా నిలబడ్డ ఎద్దును చూపి 'చూశారా, అప్పుడే గోపూజ' అనేవాళ్లున్నారు. ఆ పట్టణాల చెత్తకుప్పల్లో దొరికిన పశువుల ఎముకల గురించి మాత్రం మాట్లాడరు. బొమ్మ చెక్కిన చేతులే మాంసమూ కోశాయంటే వాళ్లకు మింగుడుపడదు.

అంత దూరం ఎందుకు, మన దక్కనులోని బూడిద దిబ్బలు చూడండి. హంపీ దగ్గర నింబాపురంలో అలాంటి ఒక దిబ్బను వాలి చితాభస్మమంటారు. అవి కాలిన పేడ దిబ్బలని 19వ శతాబ్దంలోనే రాబర్ట్ బ్రూస్ ఫుట్ గుర్తించాడు. 1957లో ఆల్చిన్ మహబూబ్‌నగర్ జిల్లా ఉట్నూరులో తవ్వినప్పుడు దొడ్డి చుట్టూ పాతిన గుంజల గుంతలు, పశువుల గిట్టల గుర్తులు బయటపడ్డాయి. దాదాపు నాలుగు వేల ఏళ్ల నాటి మందలవి. పేరుకుపోయిన పేడను మళ్లీ మళ్లీ తగలబెట్టారు. అది ఏదో పండగ తంతు కావచ్చునని ఆల్చిన్ ఊహ. సరే, తంతే అనుకుందాం. కర్ణాటకలోని బూదిహాళ్‌లో అలాంటి దిబ్బ పక్కనే పశువులను కోసిన స్థలం కూడా దొరికింది. మందను గౌరవించారు, మందనే తిన్నారు.

తెలుగువాళ్లకు 'అచ్చోసిన ఆంబోతు' తిట్టు. అసలు అర్థం వేరు. చనిపోయినవారి పేరున ఒక కోడెదూడకు ముద్ర వేసి ఊరి మీద వదిలేవారు. అది ఏ చేలో పడి మేసినా ఎవరూ కొట్టేవారు కాదు. వదిలే దూడ మేలైనదై ఉండాలని పెద్దలు పట్టుబట్టేవారు, ఎందుకంటే ఊరి ఆవులన్నీ దానికే కట్టాలి. ఇది మతాచారమే, ఒప్పుకుందాం. కాని ఒంగోలు జాతిని నిలబెట్టింది మంత్రం కాదు, ఆ ఎంపిక. నల్లరేగడిలో బరువు నాగలి లాగగల ఎద్దు రైతుకు కావాలి గనుక ఆ ఎంపిక సాగింది. కాడి ఆనేది మూపురం ముందే.

ట్రాక్టరొచ్చాక ఆ అవసరం పోయింది. పాలకు జెర్సీ సంకరం వచ్చింది. 2019 పశుగణనలో దేశవాళీ పశువులు 14.21 కోట్లు, 2012తో పోలిస్తే 6 శాతం తక్కువ. అదే కాలంలో విదేశీ, సంకర జాతి పశువులు నాలుగో వంతుకు పైగా పెరిగాయి. గోభక్తి తగ్గిన కాలమా అది?

ఇక బ్రెజిల్ సంగతి. ఒంగోలు ఒకప్పుడు నెల్లూరు జిల్లాలో ఉండేది గనుక అక్కడ దీని పేరు నెలోరి. 19వ శతాబ్దం నుంచి ఓడల మీద పోయిన మన కోడెలు, ఆవుల సంతానం ఇప్పుడు అక్కడ కోట్లలో ఉంది. వంశావళి పుస్తకాలు రాసి, బరువులు తూచి, పిండమార్పిడి చేసి పెంచారు. దేనికి? మాంసానికి. వియాటినా-19 అనే ఒంగోలు సంతతి ఆవులో మూడో వంతు వాటాను 2023లో వేలం వేస్తే, ఆ లెక్కన దాని విలువ 40 లక్షల డాలర్లు దాటింది. ఆ వార్త చదివి ఇక్కడ మనం మీసం మెలేశాం.

ఇక్కడ లాంలోని పరిశోధనా కేంద్రం, చదలవాడ పశుక్షేత్రం తమ పని తాము చేస్తున్నాయి. కాని జాతి బతకాల్సింది రైతు కొట్టంలో. ఆవు ఈనితే కోడెదూడ పుట్టిందనుకోండి. దుక్కికి అక్కర్లేదు. 1977 నాటి రాష్ట్ర చట్టం ప్రకారం దూడను కోతకు అమ్మకూడదు. ముసలి ఎద్దుకైతే పశువైద్యుడి ధ్రువపత్రం కావాలి, అది ఉన్నా దారిలో బండి ఆపేవాళ్లుంటారు. మంచి ధర పెట్టి కొనేది బండలాగుడు పందేలవాళ్లే. వాళ్లు మొత్తం ఎన్ని జతలు కొంటారు?