నామసామ్యము

మా నివాసము హైదరాబాదులోని అమీరుపేట. పంజగుట్ట కూడలికి మా యింటినుండి నడచి పోవచ్చును. రెండేండ్ల క్రిందట మా యింట నొక శుభకార్యము తలపెట్టి బంధువులకు శుభలేఖలు పంపితిమి. వరుసకు మాకు పెదనాన్నగారగు నొక పెద్దలు కర్నూలునుండి కారులో బయలుదేరి, ఫోనులోని పటమునందు అమీరుపేట యని చూచి, అది చూపిన త్రోవనే పోయి, ముహూర్తవేళకు రంగారెడ్డి జిల్లా మహేశ్వరము మండలములోని అమీరుపేట యను గ్రామమున నొక చెట్టు నీడను నిలిచియుండిరి. "అమీరుపేటలోనే యున్నాను గదరా, మీరందఱు నెక్కడ చచ్చితిరి?" అని ఫోనులో కోపించిరి. ఆయన పలికినదానిలో నొక్క యక్షరమును తప్పు కాదు.

నవ్వుకొని మఱచిపోవలసిన సంగతియే. కాని మేము పాఠశాలలో చరిత్ర చెప్పువారమగుటచే నది మమ్ము వదలలేదు. పేరొకటియైనచో వస్తువును ఒకటియే యనుకొనుట మన బుద్ధికి పుట్టుకతో వచ్చిన సోమరితనము. అది చరిత్రలో నెన్ని చిక్కులు తెచ్చినదో, సంసారములలో నెంత కష్టము తెచ్చుచున్నదో యాలోచింపగా నీ నాలుగు మాటలు వ్రాయ బుద్ధి పుట్టినది.

అమీరు అరబ్బీ మాట. అధికారి యని, ప్రభువని యర్థము. బిరుదముగను వాడుదురు, మనుష్యునకు పేరుగను పెట్టుదురు. నైజాము కొలువున పైగా వంశపు ప్రభువులు ఒకరి తరువాత నొకరు 'అమీరె కబీరు' అను బిరుదము వహించిరి. పేట మన మాట. ఇట్టిచో అమీరుపేటలు రెండుండుటలో వింత లేదు, రెండే యుండుట వింత. పంజగుట్ట సంగతి వేరు. పంజా యనగా పారసీకమున నయిదువ్రేళ్ల హస్తము. మొహరము దినములలో పీరులతో నెత్తుకొని వచ్చు పంజాలకు మన పల్లెలలో హిందువులును మ్రొక్కుదురు. పారసీకపు 'పంజ్' మన సంస్కృతపు 'పంచ'కు తోబుట్టువు. పంజాబు అనగా అయిదు నీళ్లు. ఇంగ్లీషు వ్రాతలో పంజాబునకును పంజగుట్టకును మొదటి యైదక్షరములు నొక్కటియే. అది చూచి మా విద్యార్థి యొకడు, పూర్వము పంజాబీలు కాపురముండిన గుట్ట గనుక పంజగుట్ట యని పరీక్షలో వ్రాసెను. మాటలకు చుట్టరికము కలదు గాని మనుష్యులకు లేదు. ఆ కుఱ్ఱవానికి సగము మార్కులు వేసితిమి.

మన నగరము పేరే తీసికొందము. హైదరు అనునది అలీకి చెల్లిన బిరుదము, సింహమని యర్థము. 1591లో మహమ్మదు కులీ కుతుబు షా మూసీతీరమున నిర్మించిన పట్టణము హైదరాబాదైనది. 1768లో గులాం షా కల్హోరా సింధుదేశమున నేరూను కోట యుండిన చోట కట్టించినదియు హైదరాబాదే. అందుచేతనే మనదానికి 'దక్కను' అను తోక తగిలించిరి. నాంపల్లి స్టేషను పేరున నేటికిని ఆ తోక నిలిచియున్నది. సికింద్రాబాదు 1806లో సికందరు జా పేర నేర్పడగా, అంతకు మూడువందల యేండ్లు ముందే సికందరు లోడీ పేర నుత్తరదేశమున బులందుషహరు ప్రాంతమున నింకొక సికందరాబాదు కలదు. ఇవి దూరపు టూళ్లు గనుక బాధ లేదు. మహబూబునగరమును మహబూబాబాదును మన రాష్ట్రములోనివే, నేడు రెండును జిల్లాలు. పరదేశి యెవడైనను తడబడును. పాలమూరు, మానుకోట అని పలుకు పల్లెవానికి మాత్రము తడబాటు లేదు. ప్రభువుల పేరు కలిపివేసినదానిని జనుల నోరు విడదీసి కాపాడినది.

ఊళ్ల పని యింతటితో సరి. మనుష్యుల పేళ్లు కలిసినప్పుడు కలుగు చిక్కు గొప్పది. మా సొంత పొరపాటే చెప్పుకొందుము. చదువుకొను దినములలో మేము హైదరాబాదు మంత్రులనుగూర్చి చీటీలు వ్రాసికొనుచుంటిమి. 'మీర్ లాయక్ అలీ' యను పేరునకు ఒకే చీటీ పెట్టితిమి. 1884లో దివాను, 1887లో పదవి వీడెను; 1947 నవంబరులో ప్రధాని, 1948 సెప్టెంబరులో రాజ్యము పోయెను; 1950లో గృహనిర్బంధమునుండి తప్పించుకొని పాకిస్తాను చేరెను. ఇదంతయు నొక్కని జీవితమే యని కొన్నాళ్లు నమ్మితిమి. అరువదియేండ్ల తరువాత మరల పిలిచి మంత్రిని చేసిన నైజామును మెచ్చుకొంటిమి గూడ! తరువాత నొకనాడు లెక్క వేయగా, పారిపోవునాటికి ఆ పెద్దమనిషికి ఎనుబది దాటి యెన్నో యేండ్లు కావలెను. అప్పుడు కన్నులు తెఱచికొన్నవి. మొదటి లాయక్ అలీ రెండవ సాలారు జంగు. ఆయన 1889లో ముప్పదియేండ్లైన నిండకయే గతించెను. రెండవ లాయక్ అలీ 1903లో పుట్టినవాడు, ఇంజనీరు, పరిశ్రమాధిపతి, 1971 వరకు జీవించినవాడు. మొదటివాడు పోయిన పదునాలుగేండ్లకు గాని రెండవవాడు పుట్టనేలేదు.

ఆ 'సాలారు జంగు' అను మాటయు నిట్టిదే. తాత, తండ్రి, మనుమడు ముగ్గురును సాలారు జంగులే, ముగ్గురును దివానులే. తాత తురాబ్ అలీ ఖాన్ 1853 మొదలు 1883 వరకు రాజ్యమును నడిపెను. మనుమడు యూసుఫ్ అలీ ఖాన్ 1889లో తండ్రి చనిపోవుటకు కొలది దినములు ముందు పుట్టి, 1912లో చిన్న వయసుననే దివానయ్యెను. 1951లో తెఱచిన ప్రదర్శనశాలలోని వస్తువులలో పెక్కుభాగము ఈ మనుమడు కొన్నవి. చలువరాతి ముసుగు సుందరిని మాత్రము తాత 1876లో రోమునగరమునుండి తెప్పించెను. పిల్లలను తీసికొనిపోయి చూపుచు "సాలారు జంగు కొన్నాడు" అనెడు తండ్రులకు మేమొక మనవి చేయుదుము: ఏ సాలారు జంగు అని మీ పిల్లవాడు తిరిగి యడిగినచో కసరుకొనకుడు.

మన పూర్వులకు ఈ చిక్కు తెలియనిది కాదు. తాత పేరు మనుమనికి పెట్టు నాచారము మన దేశమున నతిప్రాచీనము. కృష్ణాతీరమున విజయపురిలో నేలిన యిక్ష్వాకులలో చాంతమూలుని కుమారుడు వీరపురుషదత్తుడు, అతని కుమారుడు మరల చాంతమూలుడే. తూర్పు చాళుక్యులలో విమలాదిత్యుడు రాజరాజ చోళుని కూతురు కుందవను పెండ్లాడెను. ఆమెకు మేనత్తయు కుందవయే. ఆమె కొడుకునకు మాతామహుని పేరు వచ్చి రాజరాజనరేంద్రుడయ్యెను. ఆయన కుమారుడును తల్లివైపు తాత పేర రాజేంద్రుడయ్యెను. 1070లో చోళసింహాసన మెక్కిన కులోత్తుంగు డతడే. ఇందఱు రాజరాజులలో నన్నయభట్టు ప్రభువెవ్వడో మన బాలురు తెలిసికొనవలెనన్నచో పేరు చాలదు, ప్రక్కన నున్నది చదువవలెను.

శాతవాహనులు ప్రక్కన నేమి చేర్చిరో చూడుడు. శాతకర్ణి యను పేరుగల రాజులు పలువురు. వారిని వేఱుపఱచుటకు శాసనములలో తల్లి గోత్రమును ముందుంచిరి: గౌతమీపుత్ర శాతకర్ణి, వాసిష్ఠీపుత్ర శాతకర్ణి. ఇక్ష్వాకులును ఆ త్రోవనే పోయిరి. తాతా మనుమలగు చాంతమూలు రిద్దఱును వాసిష్ఠీపుత్రులే కావుటచే మనుమనికి 'ఎహువుల' యను మఱియొక గురుతు గూడ కావలసివచ్చినది. మొదటి, రెండవ అను సంఖ్యలు మన కాలపు చరిత్రకారులు తగిలించినవి. వారు తమ్ము తాము సంఖ్యలతో నెఱుఁగరు. తల్లుల పేర నెఱుఁగుదురు.

మా పంజగుట్టలో నాగార్జున సర్కిలు కలదు. ఆ పేరుగల వ్యాపారసంస్థ భవనమునుబట్టి వచ్చిన పేరది. మా తరగతి పిల్లలకు నాగార్జున యనగా సినిమానటుడు. రైతునకు 1955లో శంకుస్థాపన జరిగిన సాగరము. ఆ సాగరమునకు పేరిచ్చినది నాగార్జునకొండ. కొండకు పేరిచ్చినవాడు క్రీస్తుశకము రెండవ శతాబ్దికి చెందినవాడని పండితులు తలచు బౌద్ధాచార్యుడు, శూన్యవాదమును స్థాపించిన మహనీయుడు. అయితే మన దేశమున నాగార్జునుడనగా పాదరసమును బంగారము చేసిన సిద్ధుడని వాడుక. ఈ సిద్ధుని సంగతి అల్బెరూనీ 1030 ప్రాంతమున వ్రాయుచు, తనకు సుమారు నూఱేండ్లు ముందు సోమనాథ ప్రాంతమున నున్నవాడనెను. ఆచార్యునకును సిద్ధునకును నడుమ ఎనిమిది శతాబ్దులకు దగ్గఱ యెడము. పేరొకటి గనుక మనుష్యు డొకడే కావలెనని పట్టుబట్టిన కథకులు చేసిన పని విచిత్రము: నాగార్జునులు ఇద్దఱని యొప్పుకొనుటకు మాఱుగా ఒక్కనికే ఆఱువందల యేండ్ల యాయుర్దాయము పోసిరి! మేము లాయక్ అలీకి పోసినది దీనిముందు స్వల్పము.

కథలో నాయువు పొడిగించిన ఎవ్వరికి నష్టము లేదు. పేరు కలిసినందుకు బ్రతికియున్నవారి యాయువు తీసివేసిన సంగతి యొకటి మా వీధిలో జరిగినది. నాలుగిండ్లలో వంట చేసికొని బ్రతుకు నొక వృద్ధురాలు, లక్ష్మమ్మ యనుకొందము, వితంతువుల కిచ్చు పింఛను పుచ్చుకొనుచుండెను. ఒక నెల అది రాలేదు. ఒక కార్యాలయమునకు పోయి యడుగగా, గుమాస్తా పట్టిక త్రిప్పి "నీవు చనిపోయినావమ్మా" అనెను. ఆమె మా యింటికి వచ్చి యేడ్చినది. మేము వెంట పోయితిమి. చనిపోయినది వేఱొక లక్ష్మమ్మ. ఆమె భర్త పేరును మల్లయ్యయే, ఈమె భర్తయు మల్లయ్యయే. పండ్రెండంకెల ఆధారు సంఖ్య యుండగా నిట్లేల జరిగెనంటిమి. పేరు చూచి కొట్టివేసిరట.

మేమంతట నా పట్టికను శ్రద్ధగా చదివితిమి. పురుషుల వరుసలో ఇంటిపేరు, పేరు, తండ్రి పేరు. పుట్టిననాటినుండి చచ్చువఱకు నవి మాఱవు. స్త్రీల వరుసలో కొందఱికి ఇంటిపేరు పుట్టింటిది, కొందఱికి అత్తింటిది, లక్ష్మమ్మవంటివారికి అసలే లేదు. పెండ్లికి ముందు ఫలానివాని కూతురు, తరువాత ఫలానివాని భార్య, ఆ పిమ్మట ఫలానివాని విధవ. పేరు ప్రక్కన నుండవలసిన గురుతు ఎన్నడును ఆమెది కాదు, ఎప్పటికప్పుడు నెరవు తెచ్చుకొన్నది. ఆ యెరవు పేరు మల్లయ్య యైనచో, మల్లయ్యలు మన దేశమున కొల్లలు. సింహాసనమెక్కిన రాజులు తల్లి గుఱుతును ముందుంచుకొని తిరిగిన నేలమీద, ఒక పేదరాలికి తన్ను తాను వేఱని చూపుకొనుటకు తనదని చెప్పుకొనదగిన పేరొక్కటియు లేకపోయెను. మా పాఠశాల రిజిస్టరులో తల్లి పేరునకు గడి కలదు. తండ్రులు పిల్లలను చేర్పించుచు, అది యక్కఱలేదని తామే చెప్పి ఖాళీగా నుంచుట మేమెన్నిసార్లో చూచితిమి. చదువుకొన్నవారును ఇట్లే చేయుదురు.

లక్ష్మమ్మ బ్రతికియున్నదని ఇరుగుపొరుగువారము చేవ్రాళ్లు చేసితిమి. నాలుగు నెలలకు పింఛను తిరిగి వచ్చినది. గడచిన నెలల సొమ్ము రాలేదు. క్రొత్త కాగితమునందును ఆమె పేరు ప్రక్కన మల్లయ్య పేరే యున్నది. ఆ దినమున మేమామెను తల్లి పేరడిగితిమి. చాలసేపు కొంగుతో ముఖము తుడుచుకొని చెప్పినది. అఱువదియెనిమిదేండ్లలో నా పేరు తన్నడిగినవారిలో మేమే మొదటివారమట.