రోడ్డు పక్క చెట్టుకి లెక్క ఎవరడగాలి?

అండమాన్‌లోని చాతం దీవిలో బ్రిటిష్ ప్రభుత్వం 1883లో సామిల్లు పెట్టింది. అక్కడికి పడౌక్ దుంగలుగా వచ్చేది, పలకలుగా వెళ్లేది. మన ఎర్రచందనానికీ వేగిసకీ దగ్గరి చుట్టమే ఈ చెట్టు. దాని పసుపు పూల మీద ఏ ఈగ వాలుతుందో సామిల్లుకి అనవసరం. దానికి కావలసింది కలప.

చెట్టుని మరోలా చూసిన ప్రభుత్వం అంతకు రెండు వేల ఏళ్ల ముందే మన దగ్గర ఉంది. కర్నూలు జిల్లా ఎర్రగుడి బండల మీద అశోకుడి రెండో శాసనం చదవండి. బాటల వెంట బావులు, చెట్లు ఎందుకంటే మనుషులకీ పశువులకీ అంటాడు. ఎవరి కోసమో తేల్చి చెప్పాడు.

మరి మన కాలంలో? 2015లో కేంద్రం జాతీయ రహదారుల వ్యయంలో ఒక శాతం మొక్కలకి కేటాయించింది. అదే ఏడాది తెలంగాణలో హరితహారం మొదలైంది. 2018 పంచాయతీరాజ్ చట్టం పంచాయతీ బడ్జెట్‌లో పది శాతం పచ్చదనానికి పెట్టమంది. డబ్బుకి లోటు లేదు. కానీ లెక్కకొచ్చింది ఎన్ని నాటారు, ఎన్ని బతికాయి అన్నదే. తొందరగా పెరిగి, పశువులు ముట్టని కోనోకార్పస్ ఆ లెక్కకి చక్కగా సరిపోయింది.

తర్వాత వ్యతిరేకత వచ్చింది. 2022లో తెలంగాణ నాటడం ఆపమంది, 2023లో గుజరాత్ నిషేధించింది. ఈలోగా "కోనోకార్పస్ ఆక్సిజన్ ఇవ్వదు" అనే పుకారు ఊరూరా తిరిగింది. రావిచెట్టు రాత్రి కూడా ఆక్సిజన్ ఇస్తుందనే నమ్మకానికి ఇది తోబుట్టువు. ఆకుపచ్చని మొక్క ఏదైనా వెలుతురులో ఆక్సిజన్ వదులుతుంది, చీకట్లో ఆ పని ఆగుతుంది. పరదేశీ మొక్కని తిట్టడానికీ, స్వదేశీ చెట్టుని పొగడటానికీ అబద్ధం అక్కర్లేదు.

అసలు వాదం వేరే ఉంది. తెలంగాణ రాష్ట్ర పుష్పం తంగేడునే చూడండి. దాని పువ్వులో తేనె ఉండదు, పుప్పొడే ఉంటుంది. తుమ్మెద రెక్కల కండరాలు అదిరిస్తేనే అది రాలుతుంది. రోడ్డంచున దానంతటదే పెరిగే ఆ పొదని పీకి, ఎప్పటికప్పుడు కత్తిరించే కంచెమొక్క పెడితే తుమ్మెదకి మిగిలేదేమిటి? ప్రపంచంలోని 115 ముఖ్యమైన పంటల్లో 87 ఎంతో కొంత ఇలాంటి జీవుల మీద ఆధారపడ్డాయని 2007లో శాస్త్రవేత్తలు లెక్కకట్టారు. అమెరికా 2021 చట్టంలో రోడ్డు పక్క పూలమొక్కలకి విడిగా నిధి పెట్టింది.

మనమూ అడగొచ్చు. సమాచార హక్కు చట్టం 2005 నుంచీ ఉంది. మీ ఊరి రోడ్డుకి ఏ జాతులు కొన్నారు, అవి ఏ నెలలో పూస్తాయి, వాటి మీద వాలే ఈగల్ని ఎవరైనా లెక్కపెట్టారా? ఒక్క దరఖాస్తు చాలు.