చరిత్ర విద్యార్థికి మ్యూజియం విద్య: నందిగాం సీమ నుండి ఒక పరిశీలన

ఆంధ్రప్రదేశ్ డిగ్రీ కళాశాలల్లో 2023–24 నుండి ఒక ముఖ్యపాఠ్యము, దానికి తోడుగా ఒక ఉపపాఠ్యము చదివే పద్ధతి వచ్చింది. వీటినే మేజరు, మైనరు అంటున్నారు. చరిత్ర మేజరుగా తీసుకున్న విద్యార్థికి మైనరుగా మ్యూజియం పని తగినదా? తగినదే కాదు, చరిత్రకు అంతకన్నా సన్నిహితమైన పాఠ్యము మరొకటి లేదని నా అభిప్రాయం. వేదాంత విద్యార్థికి కూడా అది అవసరమే.

బి.డి. పట్టా పొందిన మనకు సేరంపూర్ పేరు సుపరిచితం. ఆ సేరంపూర్‌లోని డేనిష్ వలసకు వైద్యుడుగా వచ్చిన నథానియేల్ వాలిచ్, 1814లో కలకత్తా ఏసియాటిక్ సొసైటీకి వ్రాసిన ప్రతిపాదన వల్లనే ఇండియన్ మ్యూజియం పుట్టింది. ఈయన విలియం కేరీతో కలిసి వృక్షశాస్త్రంలో కృషి చేసినవాడు. అయితే మ్యూజియాలు పుట్టినంత త్వరగా వాటి విద్య పుట్టలేదు. అమెరికాలోని ఫిలడెల్ఫియాలో సారా యార్క్ స్టీవెన్సన్ 1908లో ఈ పాఠాలు మొదలుపెట్టింది. మన దేశంలో బరోడా మహారాజా సయాజీరావు విశ్వవిద్యాలయంలో 1952లో మ్యూజియాలజీ శాఖ ఏర్పడింది.

మన ప్రాంతానికి వస్తే, వంశధార ఒడ్డున ఉన్న శాలిహుండం బౌద్ధ క్షేత్రాన్ని 1919లో వెలుగులోకి తెచ్చినవారు గిడుగు వెంకట రామమూర్తి. వాడుక భాషా ఉద్యమకారునిగా ఎరిగిన మనం ఆయనలోని ఈ కోణాన్ని అంతగా పట్టించుకోము. పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడుగా ఉంటూ సవర భాష నేర్చుకొని, దాని పదాలను సేకరించి నిఘంటువులు కట్టారు. మ్యూజియం శిక్షణ లేకున్నా దాని మూలసూత్రం ఆయన పనిలో ఉంది: దొరికినదానిని దాచడం మాత్రమే చాలదు, వ్రాసిపెట్టాలి.

మ్యూజియం విద్యార్థి మొదట నేర్చేది అదే. వస్తువు ఏదైనా దానికొక సంఖ్య ఇస్తారు. ఎక్కడిది, ఎవరిచ్చారు, ఎప్పుడు వచ్చింది, ఏ స్థితిలో ఉంది అన్నవి రిజిస్టరులో ఎక్కిస్తారు. ఇది గుమాస్తా పనిలా తోచవచ్చు గాని, ఒక ఉదాహరణ చూడండి. టెక్కలి ప్రాంతపు పాత కాగితం మీద “గంజాం జిల్లా” అని ఉందనుకుందాం. ఈ సీమ 1936 వరకు గంజాం జిల్లాలో ఉండి, ఒరిస్సా ఏర్పడినప్పుడు విశాఖపట్నం జిల్లాలో చేరి, 1950లో శ్రీకాకుళం జిల్లాలోనికి వచ్చింది. ఈ సంగతి ఎరిగినవాడు ఆ కాగితం ఇక్కడిదే కావచ్చుననీ, బహుశా 1936కు ముందుదనీ గ్రహిస్తాడు. ఎరుగనివాడు దానిని ఒడిశా కట్టలో కట్టేస్తాడు. ఆ మీదట దాని కోసం ఇక్కడ వెదికేవారికి అది లేనట్టే.

ఇక మన సంఘాల విషయం. టెక్కలి కెనడియన్ బాప్టిస్టు మిషన్ కేంద్రాలలో ఒకటి. ఆ మిషన్ కాగితాలు కెనడాలోని హామిల్టన్‌లో, మెక్‌మాస్టర్ డివినిటీ కళాశాల వద్దనున్న బాప్టిస్టు ఆర్కైవ్స్‌లో భద్రంగా ఉన్నాయి. అక్కడ ప్రధానంగా వినిపించేది మిషనెరీల మాట. తెలుగు బోధకులు, బైబిలు స్త్రీలు, మొదటి విశ్వాసులు విడిచిన ఆనవాళ్ళో? బాప్తిస్మపు రిజిస్టర్లు, మినిట్సు పుస్తకాలు, చందా లెక్కలు, పాత ఫొటోలు పాస్టరు గారింటి ఇనుపపెట్టెలోనో, వెస్ట్రీ అలమరాలోనో ఉంటాయి. చెదలు, సముద్రపు తేమ వాటికి ఎప్పుడూ ఉన్న శత్రువులే. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటి ఉద్దానం మీద విరుచుకుపడిన సంగతి మరువలేము. పైకప్పు ఎగిరిన గదిలో తడిసిన రిజిస్టరుకు రెండవ ప్రతి ఎక్కడుంది?

ఇందుకు పెద్ద భవనం అక్కరలేదు. చిరిగిన పుటకు సెల్లోటేపు అంటించకూడదు. దాని జిగురు కాగితాన్ని పసుపు చేసి పాడుచేస్తుంది. లామినేషను అసలే వద్దు. ఫొటో వెనుక పెన్నుతో కాక మెత్తని పెన్సిలుతో వ్రాయాలి. పెట్టెను గోడకు ఆనించకుండా, నేలకు ఎత్తుగా ఉంచాలి. ఇవన్నీ ఒక సెమిస్టరులో నేర్చుకోదగినవే.

సంఘ చరిత్ర బోధించే అధ్యాపకులకు నాదొక సూచన. వ్యాసానికి బదులు ఒక్కసారైనా విద్యార్థిని ఒక గ్రామ సంఘపు పెట్టె దగ్గరకు పంపండి. పెద్దల అనుమతితో పెట్టె తెరిచి, ప్రతి కాగితానికి సంఖ్య వేసి పట్టిక తయారుచేయమనండి. ఫొటోలోని ముఖాలకు పేర్లు చెప్పగల వృద్ధులుంటే మొదట వారి దగ్గర కూర్చోమనండి. పెట్టె వచ్చే ఏటి వరకు ఆగినా ఆగవచ్చు.