యుద్ధాన్ని కుట్టిన ఆడవాళ్లు

1885. లండన్‌లోని సౌత్ కెన్సింగ్టన్ మ్యూజియం. ఇప్పుడు విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియం అంటున్నామే, అదే. అక్కడ వరసగా అమర్చిన ఫొటోల ముందు ఎలిజబెత్ వార్డిల్ నిలబడి ఉంది. ఏభై దాటిన మనిషి, పద్నాలుగు మంది పిల్లల్ని కన్న తల్లి. పక్కన భర్త థామస్. ఆ ఫొటోలు తీసింది నలుపు తెలుపుల్లోనే అయినా, తరవాత ఎవరో ఓపిగ్గా చేత్తో రంగులద్దారు. గుర్రాలు, పడవలు, డాళ్లు, తలలు తెగిన శవాలు, ఆకాశంలో తోకచుక్క. ఆమె చూస్తున్నది బొమ్మల కథ ఒక్కటే కాదు. సూది పట్టిన మనిషి కదా, దారం ఎటు నుంచి ఎటు పోయిందో చూస్తోంది.

ఆ ఫొటోల్లోని అసలు బట్ట ఫ్రాన్సుది, నార్మండీలోని బేయూ పట్టణానిది. మూరెడు వెడల్పున్న నార బట్ట, దాని మీద ఉన్ని దారంతో కుట్టుపని. పొడవు 68 మీటర్ల పైచిలుకు, అంటే ఆరు గజాల చీరలు డజను వరసగా పరిచినా ఇంకా మిగులుతుంది. ఇంగ్లండు రాజు ఎడ్వర్డ్ మరణం, హరాల్డ్ పట్టాభిషేకం, నార్మండీ ప్రభువు విలియం సముద్రం దాటి దండెత్తి రావడం, 1066 అక్టోబరు 14న హేస్టింగ్స్ దగ్గర హరాల్డ్ కూలిపోవడం, అంతా అందులో ఉంది. తెగిపోగా మిగిలింది అంతే, చివరి ముక్క ఏనాడో పోయింది. యుద్ధం జరిగిన కొద్ది ఏళ్లలోనే దాన్ని కుట్టారు. విలియం సవతి తమ్ముడు, బేయూ బిషప్ ఓడో కుట్టించి ఉంటాడనీ, కుట్టిన చేతులు మాత్రం ఇంగ్లండువేననీ ఎక్కువమంది పండితుల అభిప్రాయం. ఫ్రెంచి విప్లవం రోజుల్లో, 1792లో, సైన్యం సామాను బండి మీద కప్పడానికి దీన్నే తీశారు. ఊళ్లో ఒక లాయరు అడ్డం పడి కాపాడాడు. లేకపోతే తొమ్మిది వందల ఏళ్ల కిందటి మనుషులు ఏం తొడుక్కున్నారో చెప్పడానికి మన దగ్గర ఇంత పెద్ద సాక్ష్యం ఉండేది కాదు.

ఇది మా దేశం కథ, మా దేశపు సూదులు కుట్టిన కథ, మా దగ్గర కూడా ఒకటి ఉండాలి. ఎలిజబెత్ పట్టుదల అదీ. కోరిక చాలామందికి కలుగుతుంది. ఆమెకు ఊరు తోడుంది.

ఆ ఊరి పేరు లీక్. స్టాఫర్డ్‌షైర్‌లో పట్టు మిల్లుల ఊరు. 1879లోనే ఎలిజబెత్ అక్కడ ఎంబ్రాయిడరీ సంఘం పెట్టింది. చర్చిలకు తెరలు, బలిపీఠం మీద పరిచే వస్త్రాలు కుట్టి పేరు తెచ్చుకున్న సంఘం. ఇక థామస్ సంగతి. అతనికి చర్నెట్ నది ఒడ్డున అద్దకపు కర్మాగారం ఉంది. 1856లో కుర్రవాడైన విలియం పెర్కిన్ తారు నుంచి ఊదా రంగు తీసినప్పటి నుంచి యూరప్ అంతా రసాయనపు రంగుల వెంట పడింది. కవి, డిజైనర్ విలియం మోరిస్‌కి ఆ రంగులు గిట్టవు. పాతకాలపు వేళ్లు, ఆకులు, బెరళ్ల రంగులు మళ్లీ పట్టుకోవాలని 1875లో వెతుక్కుంటూ వచ్చింది థామస్ దగ్గరికే. ఇద్దరూ కలిసి నీలిమందు తొట్లలో చేతులు ముంచి, తప్పు జరిగిన చోట మళ్లీ ముంచి, ఆ విద్యను తిరిగి రాబట్టారు.

థామస్‌కి మన దేశంతో కూడా సంబంధం ఉంది. దసలి పట్టు అంత తొందరగా రంగు పట్టదు. ఆ మొండి దారాన్ని లొంగదీసి, రంగులు పట్టించి, 1878 పారిస్ ప్రదర్శనలో పెట్టించిన మనిషి ఇతనే. ఇండియా అడవి పట్టుల మీద ఆయన రాసిన గ్రంథం కూడా ఉంది. మహదేవపూర్, చెన్నూరు వైపు మద్ది చెట్ల మీద దసలి కాయలు పెంచేవాళ్లకు ఆయన పేరు తెలియకపోవచ్చు. కానీ ఆ పట్టుకు యూరప్ బజారులో గిరాకీ రావడంలో ఆయన కష్టం చాలా ఉంది.

అసలు బట్టలోని దారాల రంగులన్నీ మూడు మొక్కల నుంచి వచ్చినవని వందేళ్ల తరవాత, 1980లలో, రసాయన పరీక్షల్లో తేలింది. ఎరుపుకి మంజిష్ఠ జాతి వేరు. పసుపుకి వెల్డ్ అనే మొక్క. నీలానికి వోడ్ ఆకు. మన నీలిమందులో ఉండే రంగు పదార్థమే ఆ ఆకులోనూ ఉంటుంది. ఒకదాని మీద ఒకటి ముంచితే ఆకుపచ్చలు, ముదురు ఛాయలు. ఈ పరీక్షలేవీ లేని రోజుల్లో, లీక్ నకలుకు కావలసిన ఉన్నికి థామస్ కూడా మొక్కల రంగులే ఎంచుకున్నాడు. మార్కెట్లో చవగ్గా దొరికే రసాయనపు రంగు ఉన్నితో పని లాగించేస్తే అప్పట్లో అడిగేవాడు లేడు. అయినా ఆ దారి పట్టలేదు. నా దృష్టిలో ఈ కథలో మొదటి గొప్ప నిర్ణయం అది.

మ్యూజియం ఫొటోలు ఎరువిచ్చింది. వాటిని చూసి అసలు కొలతలో ట్రేసింగులు తీశారు. బట్టను ముక్కలుగా పంచారు. మొత్తం 35 మంది ఆడవాళ్లు. ఎక్కువమంది లీక్ వాళ్లే. డెర్బీషైర్, బర్మింగ్‌హామ్, మాకిల్స్‌ఫీల్డ్, లండన్ల నుంచి కూడా కొందరు చేయి కలిపారు.

ఇక్కడ కాసేపు ఆగి సూది పక్కన కూర్చుందాం. ఒక గుర్రాన్ని నింపాలి. ఒంటి గీతంతా కాడ కుట్టు. లోపల ఖాళీని మామూలుగా కుట్టుకుంటూ పోతే ముందెంత దారం పడుతుందో వెనకా అంతే పోతుంది. బేయూ పద్ధతి వేరు. దారం ఒక అంచున పైకి వస్తుంది, ఖాళీ మీదుగా పరుచుకుని అవతలి అంచున లోపలికి దిగుతుంది, వెంటనే దాని పక్కనే పైకి తేలి వెనక్కి వస్తుంది. ఉన్ని అంతా ముందువైపే, వెనక చిన్న చిన్న చుక్కలే. అలా పక్కపక్కనే నింపాక, వాటి మీద అడ్డంగా దూరం దూరంగా ఇంకో దారం వేస్తారు. ఆ అడ్డ దారాన్ని చిన్న టాకాలతో బిగిస్తారు. ఈ టాకాలే ప్రాణం. వాటిలో ఒక్కటి వదులైనా గుర్రం పొట్ట జారిపోతుంది. గుర్రం ఒంటికి ఒక రంగు, అవతలి వైపు కాళ్లకు ఇంకో రంగు. దగ్గరా దూరమూ చూపించడానికి ఆ కాలం కుట్టుపని వాళ్లు పట్టుకున్న ఉపాయం. మొహాలు, చేతులు మాత్రం నింపరు. నార బట్టనే చర్మంగా వదిలేసి గీతతో సరిపెడతారు. ఎంత వదిలేయాలో తెలియడం కూడా పనితనమే.

బొమ్మల్లో బట్టలు చూడండి. మోకాళ్ల దాకా దిగే చొక్కాలు, నడుముకు పట్టీ, ఒక భుజం మీద పిన్నుతో బిగించిన ఉత్తరీయం. ఇనుప కవచాల మీద గుండ్రని కడియాల్లాంటి కుట్లు. ఇంగ్లీషు వాళ్లకు మీసాలు, నార్మన్లకు మెడ వెనక నున్నగా గొరిగిన తలలు. ఇవాళ 11వ శతాబ్దపు దుస్తులు సరిగ్గా కుట్టుకోవాలనుకునే ఎవరైనా మొదట తెరిచేది ఈ బట్ట బొమ్మలే. లీక్ ఆడవాళ్లు వీటిలో ఏదీ అందంగా ఉండాలని సవరించలేదు. వంకర కాలు వంకరగానే, కుదరని చేయి కుదరకుండానే ఉంచారు.

అయినా ఒక పొరపాటు దొర్లింది. అది వాళ్లది కాదు. అసలు బట్ట అంచుల్లో నగ్నంగా ఉన్న మగవాళ్ల బొమ్మలు కొన్ని ఉన్నాయి. సిగ్గుపడింది సూదులు కాదు, మ్యూజియం. ఆడవాళ్ల చేతికి ఫొటోలు రాకముందే అక్కడి మగ ఉద్యోగులు వాటిని దిద్దేశారు, ఒక బొమ్మకు లాగు కూడా తొడిగారు. తమ ముందున్న ఆధారాన్ని నిజాయితీగా అనుసరిస్తూ లీక్ ఆడవాళ్లు ఆ లాగును కూడా కుట్టారు. చాలాకాలం లోకం ఈ లాగు చూసి ముసిముసిగా నవ్వింది, విక్టోరియా కాలపు ఆడవాళ్లు ఇంతే అని. ఆ నింద వాళ్లకు చెందదు.

హరాల్డ్ బాణం గొడవ కూడా ఇలాంటిదే. కంటిలో గుచ్చుకున్న ఈకల బాణాన్ని అతను పట్టుకుని ఉన్నట్టు ప్రపంచమంతా అనుకుంటుంది. 1729లో బెన్వా అనే చిత్రకారుడు అదే బట్ట చూసి వేసిన బొమ్మలో ఆ చేతిలో ఈకలు లేని గీత మాత్రమే ఉంది. అది ఈటె కావచ్చనీ, ఈకలు తరవాతి మరమ్మతుల్లో మొలిచాయనీ కొందరు పండితుల వాదన. ఫొటోలు తీసింది 1872లో, మరమ్మతుల తరవాత. కాబట్టి లీక్ నకలులో ఉన్నది 11వ శతాబ్దంలో కుట్టినప్పటి బట్ట కాదు, 1872 నాటి బట్ట. పాత కుట్టును మళ్లీ కుట్టాలనుకునే ప్రతివాళ్లూ ఈ తేడా గుర్తుంచుకోవాలి. మన ఆధారం వయసు ఎంతో తెలిస్తేనే మన పని నిజం ఎంతో తెలుస్తుంది.

ఏడాది పైచిలుకులో పని ముగిసింది. 1886 జూన్‌లో లీక్‌లోని నికల్సన్ ఇన్‌స్టిట్యూట్‌లో జనానికి చూపించారు. తరవాత ఇంగ్లండులో ఊరూరా తిరిగింది, జర్మనీ వెళ్లింది, అమెరికా వెళ్లింది. 1895లో రీడింగ్ పట్టణం మాజీ మేయరు ఆర్థర్ హిల్ 300 పౌండ్లకు కొని ఊరికి కానుకగా ఇచ్చేశాడు. ఎలిజబెత్ 1902లో పోయింది.

అన్నిటికంటే నన్ను పట్టి ఉంచేది వేరే ఉంది. అసలు బట్ట మధ్య భాగంలో వందలమంది మగవాళ్ల మధ్య ఆడవాళ్లు కేవలం ముగ్గురు. కుట్టిన వాళ్ల పేర్లయితే ఒక్కటీ లేదు. లీక్ ఆడవాళ్లు ప్రతి గీతనూ నమ్మకంగా దించారు గానీ, ఈ ఒక్క చోట తెలిసి తెలిసి దారి తప్పారు. ప్రతి భాగం కిందా దాన్ని కుట్టిన మనిషి తన పేరు తానే కుట్టుకుంది. నకలు నకలులాగే ఉండాలి, అసలులో లేనిది చేర్చకూడదు అని పట్టుబట్టేవాళ్లు ఉండొచ్చు. నేను ఒప్పుకోను. తొమ్మిది శతాబ్దాల కిందటి సూదులకు దక్కని న్యాయాన్ని వీళ్లు తమకు తాము చేసుకున్నారు. దీన్ని నకలు అని పక్కన పెట్టడం తప్పు. తన కాళ్ల మీద తాను నిలబడగల కళాఖండం ఇది.

అసలు బట్టను 2026 సెప్టెంబరు నుంచి 2027 జూలై దాకా లండన్ బ్రిటిష్ మ్యూజియానికి ఎరువిస్తామని 2025లో ఫ్రాన్సు ప్రకటించింది. జనం అటే పరిగెడతారు, పరిగెత్తాలి కూడా. ఐటీ ఉద్యోగాల మీద వెళ్లి రీడింగ్ చుట్టుపక్కల స్థిరపడిన తెలుగువాళ్లకు, వాళ్లను చూడ్డానికి వెళ్లే తల్లిదండ్రులకు ఒక మాట. ఎలిజబెత్ బట్ట మీ ఊళ్లోనే, టౌన్ హాల్ భవనంలోని రీడింగ్ మ్యూజియంలో ఉంది. టికెట్ లేదు. కథ ఒకసారి చూశాక, మళ్లీ మొదటి నుంచి నడవండి. ఈసారి రాజులను వదిలేసి, కింద కుట్టిన పేర్లు ఒక్కొక్కటీ చదవండి.