డార్క్ ఫారెస్ట్ (బ్లాక్‌చెయిన్ ఆట)

డార్క్ ఫారెస్ట్ బ్లాక్‌చెయిన్ మీద వందలమంది ఒకేసారి ఆడగలిగే అంతరిక్ష వ్యూహ క్రీడ. గ్రహాలను ఆక్రమిస్తూ బలం పెంచుకోవడం ఇందులో ఆటగాడి పని. అమెరికాలోని ఎంఐటీలో చదువుకున్న బ్రయాన్ గు సహచరులతో కలిసి దీన్ని తయారుచేశాడు. మొదటి కూర్పు 2020లో వచ్చింది. చైనా రచయిత లియు సిషిన్ 2008 నాటి నవల పేరే ఆటకూ పెట్టారు. ఆ నవలలో తన ఉనికిని బయటపెట్టుకున్న నాగరికతకు చావు తప్పదు. ఆటలోనూ ఎవరి గ్రహం ఎక్కడుందో తెలిసిపోతే వారి మీదికి దండయాత్ర మొదలవుతుంది.

ప్రత్యర్థికి తెలియకుండా దాచుకున్న సమాచారమే ఆయువుపట్టుగా నడిచే ఆటలకు మామూలుగా ఒక మధ్యవర్తి కావాలి. 1899లో ఇంగ్లండ్‌లో పుట్టిన క్రీగ్‌ష్పీల్ అనే చదరంగంలో ఎదుటివాడి పావులు కనబడవు. ఎత్తు చెల్లుతుందో లేదో చెప్పేది రెండు బల్లలూ చూడగలిగిన అంపైరే. ఆన్‌లైన్ ఆటల్లో ఆ అంపైర్ కంపెనీ సర్వర్. బ్లాక్‌చెయిన్‌లో అలాంటి పెద్దమనిషి ఉండడు, పైగా అందులో రాసిన ప్రతిదీ అందరికీ కనబడుతుంది. మామూలు చదరంగం దాని మీద ఇబ్బంది లేకుండా నడుస్తుంది కానీ పేకాట నడవదు. మధ్యవర్తి లేకుండా, ఒకరినొకరు చూసుకోకుండా పేకాట ఆడడం ఎలాగన్న ప్రశ్నను గూఢలిపి శాస్త్రవేత్తలు షమీర్, రివెస్ట్, ఏడెల్‌మన్ 1979లోనే పట్టించుకున్నారు. రహస్యం చెప్పకుండానే అది తన దగ్గర ఉందని రుజువు చేసే జీరో-నాలెడ్జ్ ప్రూఫ్ భావనను 1985లో గోల్డ్‌వాసర్, మికాలి, రాకోఫ్ ప్రతిపాదించారు. ఆ రుజువును ఆట నియమంగా మార్చి, చాలామంది చేత ఆడించి చూపడం డార్క్ ఫారెస్ట్ సాధించిన అసలు విజయం.

ఆటలో విశ్వం ఒక విశాలమైన గళ్ల పటం. ఏ గడి నిరూపకాలనైనా (ఎక్స్, వై) మైమ్‌సీ అనే హ్యాష్ ఫంక్షన్‌లో వేస్తే ఒక పెద్ద సంఖ్య వస్తుంది. అది నిర్ణీత హద్దు కంటే చిన్నదైతే ఆ గడిలో గ్రహం ఉన్నట్టు. ఆ సంఖ్యే గ్రహానికి గుర్తింపు. గ్రహం చోటు గురించి బ్లాక్‌చెయిన్‌లో నమోదయ్యేది ఆ గుర్తింపు ఒక్కటే, నిరూపకాలు ఆటగాడి కంప్యూటర్ దాటి బయటికి రావు. గుర్తింపు నుంచి నిరూపకాలకు వెనక్కి లెక్కగట్టే దారి లేదు.

ఒక గ్రహం నుంచి మరో గ్రహానికి బలగం పంపేటప్పుడు ఆటగాడి బ్రౌజరే రుజువు తయారుచేస్తుంది. ఈ రెండు గుర్తింపులకూ అసలు నిరూపకాలు నాకు తెలుసు, చేరాల్సిన చోటు విశ్వం హద్దులోనే ఉంది, వాటి మధ్య దూరం నేను ప్రకటించిన గరిష్ఠ దూరాన్ని దాటదు అన్నవే ఆ రుజువులోని మాటలు. బ్లాక్‌చెయిన్ మీదే నడిచే ప్రోగ్రామ్ అయిన స్మార్ట్ కాంట్రాక్ట్ దాన్ని సరిచూసి ఎత్తును అనుమతిస్తుంది. ప్రకటించిన దూరాన్ని బట్టే ప్రయాణ సమయం, దారిలో తరిగే శక్తి నిర్ణయమవుతాయి. అసలు దూరాన్ని కప్పిపుచ్చాలని పెద్ద సంఖ్య చెబితే ఆ మేరకు శక్తి వృథా అవుతుంది. రహస్యానికి ఇలా ఆటలోనే ధర పెట్టడం చాలా తెలివైన ఏర్పాటు.

ఇంకా చూడని ప్రాంతాన్ని కప్పిన పొగమంచును తొలగించుకునే పద్ధతి ఇంకా ఆసక్తికరం. పటం ముందుగా ఎవరి దగ్గరా ఉండదు. గడి తర్వాత గడి హ్యాష్ చేస్తూ పోతే గ్రహాలు బయటపడతాయి. అంటే అన్వేషణ మొత్తం కంప్యూటర్ చేసే లెక్కే. బ్యాటిల్‌షిప్ లాంటి ఆటకు ఇదే పద్ధతి వాడితే కొంప మునుగుతుంది: అక్కడ ఉన్నవి 100 గళ్లే కనుక, ఓడ ఉన్న గడిని ఉత్త హ్యాష్‌తో దాస్తే ప్రత్యర్థి అన్నీ ప్రయత్నించి క్షణంలో కనిపెడతాడు. అందుకే అలాంటి ఆటల్లో హ్యాష్‌లో ఒక యాదృచ్ఛిక రహస్య సంఖ్యను కూడా కలుపుతారు. డార్క్ ఫారెస్ట్ కావాలనే ఆ సంఖ్యను కలపలేదు. మిగతాచోట్ల లోపమనిపించే వెతుకులాటే ఇక్కడ ఆటకు ప్రాణం. కంప్యూటర్ బలం ఉన్నవారికి ఎక్కువ పటం కనబడుతుందన్నది మాత్రం కాదనలేని అసమానత.

రుజువుల కోసం సర్కమ్ భాషలో రాసిన సర్క్యూట్లనూ, జెన్స్ గ్రోత్ 2016లో ప్రచురించిన గ్రోత్16 పద్ధతినీ వాడారు. ఈ పద్ధతిలో రుజువు కొన్ని వందల బైట్లకు మించదు కనుక కాంట్రాక్ట్ దాన్ని తక్కువ ఖర్చుతో సరిచూడగలదు. అయినా ప్రతి ఎత్తూ ఒక లావాదేవీయే. ఈథీరియం ప్రధాన నెట్‌వర్క్‌లో ఆ రుసుములు భరించలేనివి కావడంతో తర్వాతి రౌండ్లను చౌకైన ఎక్స్‌డై చెయిన్ (ఇప్పటి నోసిస్ చెయిన్) మీద నడిపారు.

నిరూపకాలు దాగినా కొన్ని సంగతులు బయటపడుతూనే ఉంటాయి. ఏ గుర్తింపు నుంచి ఏ గుర్తింపుకు, ఎప్పుడు, ఎంత బలగం కదిలిందో అందరికీ కనబడుతుంది. ఒక గ్రహం చోటు తెలిసిన ప్రత్యర్థి, ప్రకటించిన దూరాన్ని వ్యాసార్ధంగా తీసుకుని వృత్తం గీస్తే రెండోది అందులోనే ఎక్కడో ఉండాలి. ఇక వెతకాల్సింది ఆ వృత్తంలోనే.

ఇంకో పరిమితి ఈ గణితంలోనే ఉంది. రుజువు ఇవ్వాలంటే రహస్యం తెలిసినవారు ఒకరు ఉండి తీరాలి. పేకకట్టలో ఇంకా ఎవరూ తీయని ముక్కల వరస లాంటి, ఏ ఆటగాడికీ తెలియకూడని సమాచారాన్ని జీరో-నాలెడ్జ్ ప్రూఫ్ ఒక్కటే కాపాడలేదు. దానికి పలువురు కలిసి చేసే రహస్య గణన గానీ, గుప్తీకరించిన డేటా మీదే లెక్కలు చేసే హోమోమార్ఫిక్ ఎన్‌క్రిప్షన్ గానీ తోడవ్వాలి. ఆ రెండూ ఇలాంటి రుజువులను సరిచూడడం కంటే చాలా బరువైన పనులు.