ఎర్రదీపానికీ బ్రేకుకీ మధ్య

1969 ఆగస్టు 20న అమెరికాలోని డేరియన్ దగ్గర రెండు లోకల్ రైళ్లు ఎదురెదురుగా గుద్దుకున్నాయి. నలుగురు పోయారు. డ్రైవర్ పొరబడినా రైలు తనంతట తానే ఆగే ఏర్పాటు కావాలని జాతీయ రవాణా భద్రతా మండలి అప్పుడే చెప్పింది. విన్నవాళ్లు తక్కువ.

2008 సెప్టెంబర్ 12న లాస్ ఏంజిలస్‌లోని చాట్స్‌వర్త్‌లో మెట్రోలింక్ రైలు ఎర్ర సిగ్నల్ దాటి గూడ్సుబండిని ఢీకొంది. డ్రైవర్‌తో సహా 25 మంది చనిపోయారు. అతని ధ్యాసంతా ఫోన్ మెసేజ్‌ల మీద ఉందని దర్యాప్తులో తేలింది. తప్పు అతనిదే అని ఫైలు మూసెయ్యొచ్చు. కానీ ఈసారి నెల దాటగానే చట్టం వచ్చింది: 2015 చివరికల్లా ‘పాజిటివ్ ట్రెయిన్ కంట్రోల్’ పెట్టాలని.

పద్ధతి ఇదీ. తానెక్కడుందో జీపీఎస్, ముందు ఏ సిగ్నల్ ఉందో రేడియో రైలుకి చెబుతాయి. వేగం, బరువు, పట్టాల వాలు చూసుకుని, ఎక్కడ బ్రేకు పడాలో ఇంజన్‌లోని కంప్యూటర్ లెక్కగడుతుంది. ముందు హెచ్చరిస్తుంది, డ్రైవర్ పలక్కపోతే తనే ఆపేస్తుంది. మరీ ముందే ఆపితే రోజూ రైళ్లు లేటు. ఆలస్యంగా ఆపితే ప్రాణాలు. డిజైనర్ల తలనొప్పంతా అక్కడే.

గడువు దాకా ఆగకుండా 2013లో న్యూయార్క్‌లో మరో ప్రమాదం. కునుకుపట్టిన డ్రైవర్, 30 మైళ్ల మలుపులో 82 మైళ్ల వేగం, మళ్లీ నలుగురు. గడువు జరిగి జరిగి, పని 2020 డిసెంబర్‌కి పూర్తయింది.

మనిషికి కునుకు పడుతుందని 1969లోనూ తెలుసు. తెలిసినదాన్ని పట్టాలెక్కించడానికే 51 ఏళ్లు పట్టింది.