ఎంగేజ్‌మెంట్ రింగ్: బరువు కాదు.. వేలు చూసి, చేసే పని చూసి కొనండి! రోజూ పెట్టుకునే ఉంగరం ఎలా ఉండాలంటే..

పెళ్లి కుదిరిందంటే చాలు.. ముహూర్తం, ఫంక్షన్ హాల్, చీరలు అంటూ హడావుడి మొదలవుతుంది. ఈ సందట్లో ఉంగరం సంగతి చివరి వారంలోనే గుర్తొస్తుంది. పెద్దవాళ్లు షాపుకి వెళ్లి, బరువు చూసి, బేరం ఆడి తెచ్చేస్తారు. తీరా నిశ్చితార్థం రోజు అది వేలికి ఎక్కదు.. లేదంటే వదులై జారిపోతుంది. సైజు సరిపోయినా జుట్టుకి, చీరకి చిక్కుకుంటోందని వారం తిరక్కుండానే బీరువాలోకి వెళ్లిపోయే ఉంగరాలు బోలెడు. మిగతా నగలు ఫంక్షన్లకే. ఈ ఒక్క ఉంగరమే రోజూ వేలికి ఉండాల్సింది. అందుకే కొనే ముందు పెట్టుకునేవాళ్ల గురించి ఆలోచించాలి. ఆ వివరాలు ఇవే..

ముందు అడగండి.. తర్వాతే కొనండి

సర్‌ప్రైజ్ ఇద్దామనుకోవడం తప్పు కాదు. కానీ కనీసం మూడు విషయాలు తెలుసుకోవాలి. రోజూ ఏం పని చేస్తారు? పచ్చ బంగారం ఇష్టమా, తెల్ల లోహమా? ఏదైనా లోహం పడక దురద వస్తుందా? ఉంగరం ఏ చేతికి పెట్టాలన్నది కూడా ఇంటికో పద్ధతి. ఒకే మనిషికి కుడి చేతి వేలు, ఎడమ చేతి వేలు ఒకే సైజులో ఉండాలని రూలేమీ లేదు. కాబట్టి ముందే కనుక్కుని ఆ వేలికే కొలత తీసుకోండి.

చేసే పనిని బట్టి డిజైన్

రాయి పైకి లేచి, చుట్టూ సన్నటి కొక్కేలు పట్టుకుని ఉండే డిజైన్‌ను ప్రాంగ్ సెట్టింగ్ అంటారు. వెలుతురు బాగా పడుతుంది కాబట్టి రాయి ధగధగలాడుతుంది. అయితే గ్లవ్స్ వేసుకునే డాక్టర్లు, నర్సులు, ల్యాబ్‌లో పనిచేసేవాళ్లకు ఇది ఇబ్బంది. గ్లవ్స్ చిరుగుతాయి. చపాతీ పిండి కలిపినా కొక్కేల సందుల్లో ఇరుక్కుంటుంది. చంటి పిల్లలను ఎత్తుకునేవాళ్లకు గీరుకుంటుందనే భయం.

ఇలాంటివాళ్లకు బెజెల్ సెట్టింగ్ బెటర్. ఇందులో రాయి చుట్టూ బంగారం అంచు కట్టినట్టు ఉంటుంది. ఎక్కడా తగలదు, రాయి ఊడే అవకాశమూ తక్కువ. మెరుపు కాస్త తగ్గొచ్చు కానీ మనశ్శాంతి ఎక్కువ.

మెషీన్ల దగ్గర, కరెంటు పనుల్లో ఉండేవాళ్లు డ్యూటీలో ఏ ఉంగరమూ పెట్టుకోకపోవడమే మంచిది. ఉంగరం మెషీన్‌లో చిక్కుకుంటే వేలికే ప్రమాదం. అబ్బాయి అలాంటి ఉద్యోగంలో ఉంటే సాదా ఉంగరం ఇచ్చి, డ్యూటీ టైమ్‌లో దాన్ని తీసి భద్రంగా దాచుకోమంటే సరిపోతుంది.

వేలి తీరుని బట్టి ఏది నప్పుతుంది?

పొట్టి వేళ్లున్నవాళ్లకు ఓవల్, పియర్ (నీటిబొట్టు ఆకారం), మార్క్వీస్ లాంటి పొడవాటి రాళ్లు వేలిని పొడుగ్గా చూపిస్తాయి. మన వంకీ ఉంగరం చేసే పని కూడా అదే. కోసుగా వంపు తిరిగిన ఆ డిజైన్ వేలు సన్నగా, పొడుగ్గా ఉన్నట్టు కనిపించేలా చేస్తుంది. సన్నటి పొడుగు వేళ్లకు గుండ్రటి రాయి, చతురస్రపు రాయి, కాస్త వెడల్పాటి పట్టీ బాగుంటాయి. బొద్దు వేళ్లకు మరీ సన్నటి పట్టీ లోపలికి నొక్కుకుపోయినట్టు ఉంటుంది. మధ్యస్థ వెడల్పు ఎంచుకోండి. వేలి కణుపు లావుగా, మొదలు సన్నగా ఉన్నవాళ్లకు తల బరువున్న ఉంగరం పక్కకి తిరిగిపోతుంది. వీళ్లకు పలచగా, వేలికి ఆనుకుని ఉండే డిజైన్ నయం.

బంగారమా? ప్లాటినమా?

22 క్యారెట్ల బంగారంలో 91.6 శాతం స్వచ్ఛమైన బంగారం ఉంటుంది. సాదా ఉంగరానికి ఇది బాగుంటుంది కానీ మెత్తన. రాయిని గట్టిగా పట్టుకోవాలంటే 18 క్యారెట్లు (75 శాతం) లేదా 14 క్యారెట్లు (58.5 శాతం) నయం. డైమండ్ ఉంగరాలు ఎక్కువగా 18 క్యారెట్లలో కనిపించడానికి కారణం ఇదే. షాపువాళ్లు తక్కువ బంగారం అంటగడుతున్నారని అనుకోవాల్సిన పని లేదు. అయితే బిల్లులో మాత్రం 18 క్యారెట్ల రేటే వేశారా లేదా చూసుకోండి.

వైట్ గోల్డ్ తెల్లగా మెరిసేది పైనున్న రోడియం పూత వల్ల. వాడకంలో అది అరిగిపోతే మళ్లీ వేయించాలి. కొన్ని వైట్ గోల్డ్ రకాల్లో నికెల్ కలుస్తుంది. నికెల్ పడనివాళ్లకు ప్లాటినం మేలు. నగల ప్లాటినం సాధారణంగా 95 శాతం స్వచ్ఛతతో ఉంటుంది. కాకపోతే ఊళ్లో మామూలు కంసాలి దగ్గర దాని సైజు మార్చడం కష్టం. ఇది కరగాలంటే దాదాపు 1,768 డిగ్రీల సెల్సియస్ వేడి కావాలి మరి!

రాయి అందంగా ఉంటే చాలదు

రాళ్ల గట్టిదనాన్ని మోస్ స్కేల్‌పై కొలుస్తారు. డైమండ్‌ది 10. కెంపు, నీలం 9. పచ్చ 7.5 నుంచి 8. ముత్యం మాత్రం 2.5 నుంచి 4.5 మధ్యే. హైదరాబాద్ ముత్యాలంటే మనకెంత మోజున్నా, రోజువారీ ఉంగరానికి ముత్యం నప్పదు. గీతలు పడతాయి. నిమ్మరసం, చెమట, పెర్ఫ్యూమ్ తగిలితే మెరుపు పోతుంది. పచ్చ రాళ్లకు చాలావరకు నూనెతో ట్రీట్‌మెంట్ చేసి ఉంటారు కాబట్టి వేడినీళ్లలో కడగకూడదు. ఇక నీలం సంగతి.. జాతకం చూడకుండా పెట్టుకోకూడదనే నమ్మకం మన ఇళ్లలో గట్టిగానే ఉంది. మీకు నమ్మకం లేకపోయినా అవతలి ఇంట్లో ఉండొచ్చు. కొన్నాక గొడవ పడేకంటే ముందే ఒక మాట అడిగితే పోయేదేం లేదు.

ల్యాబ్‌లో తయారైన డైమండ్ కూడా అసలైన కార్బన్ వజ్రమే. గనిలో దొరికేదానికంటే ధర బాగా తక్కువ. కానీ తిరిగి అమ్మితే పెద్దగా రాదు. రూపం కోసం అయితే ఓకే, ఆస్తి అనుకుని మాత్రం కొనొద్దు.

సైజు దగ్గరే అందరూ బోల్తా పడేది!

వేళ్లు ఎండకు ఉబ్బుతాయి, చలికి సన్నబడతాయి. పొద్దున్నే కాకుండా సాయంత్రం కొలత తీసుకోండి. దారం సాగుతుంది, కాగితం పట్టీ వాడండి. కణుపు దాటేలా ఉండాలి, కానీ చెయ్యి విదిలిస్తే జారకూడదు. వేలికి సరిపోయే పాత ఉంగరం ఉంటే అది పట్టుకెళ్లడం ఇంకా సులువు. లోపలి చుట్టుకొలత 52 మిల్లీమీటర్లు ఉంటే మన షాపుల్లో అది దాదాపు 12 సైజు. అదే అమెరికాలో దాదాపు 6 అంటారు. కాబట్టి అక్కడున్న అబ్బాయి ఫోన్లో ‘నా సైజు 10’ అంటే, ఏ దేశం లెక్కో తప్పకుండా అడగాలి. సాదా ఉంగరాన్ని ఒకటి రెండు సైజులు మార్చొచ్చు. చుట్టూ రాళ్లున్న ఎటర్నిటీ ఉంగరాన్ని మార్చడం చాలా కష్టం. ప్రెగ్నెన్సీలో వేళ్లు ఉబ్బడం మామూలే.. కాబట్టి అమ్మాయికి మార్చుకోవడానికి వీలున్న డిజైనే కొనాలి. ఎప్పుడైనా ఉంగరం బిగుసుకుని వేలు నీలంగా మారినా, తిమ్మిరెక్కినా ఆలస్యం చేయొద్దు. ఆస్పత్రికి వెళ్లి కోయించుకోవాలి. ఉంగరం కంటే వేలు ముఖ్యం.

బిల్లు కట్టే ముందు..

హాల్‌మార్క్‌లో మూడు గుర్తులుంటాయి. బీఐఎస్ లోగో, స్వచ్ఛత (22కె916, 18కె750 లాగా), 6 అక్షరాలు-అంకెల హెచ్‌యూఐడీ. 2023 ఏప్రిల్ 1 నుంచి హాల్‌మార్క్ నగల అమ్మకానికి ఈ హెచ్‌యూఐడీ తప్పనిసరి. ‘బీఐఎస్ కేర్’ యాప్‌లో ఆ నంబర్ కొడితే వివరాలు వస్తాయి. 2 గ్రాముల లోపు నగలకు హాల్‌మార్క్ తప్పనిసరి కాదన్నది గుర్తుంచుకోండి.. తేలికపాటి ఉంగరాలు ఇందులోకే వస్తాయి. హాల్‌మార్క్ బంగారానికి మాత్రమే, డైమండ్‌కు విడిగా సర్టిఫికెట్ తీసుకోవాలి. ఇంకో ముఖ్య విషయం.. రాయి బరువును బంగారం రేటులో కలపకూడదు. 1 క్యారెట్ రాయి అంటే 0.2 గ్రాములు. మొత్తం బరువు, నికర బంగారం బరువు, రాయి ధర, మజూరీ, తరుగు.. అన్నీ విడివిడిగా రాయించుకోండి. ఎక్స్‌ఛేంజ్ చేస్తే ఎంత కట్ చేస్తారో కూడా అక్కడే అడగండి.

చివరిగా.. కనీసం నెల ముందు షాపుకి వెళ్లండి. వీలైతే పెట్టుకునేవాళ్లనే వెంట తీసుకెళ్లండి. పది నిమిషాలు వేలికి ఉంచుకుని, పిడికిలి బిగించి, ఫోన్ పట్టుకుని చూడమనండి. అక్కడే ఇబ్బందిగా అనిపించిన ఉంగరం ఇంటికొచ్చాక అలవాటు కాదు.. లాకర్‌కే వెళ్తుంది.